ఓబర్లిన్: ఊరూ కాలేజీ కలిసి పుట్టిన చోటు

1858 సెప్టెంబరు 13, సోమవారం. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం ఉత్తరాన ఓబర్లిన్ అనే చిన్న ఊళ్లో, పదమూడేళ్ల రైతు కొడుకొకడు జాన్ ప్రైస్ అనే నల్లజాతి యువకుడిని బంగాళాదుంపలు తవ్వే పని పేరు చెప్పి బండెక్కించుకున్నాడు. ఊరు దాటాక వెనక నుంచి ఇంకో బండి వచ్చింది. అందులోని మనుషులు ప్రైస్‌ను లాగి తమ బండిలో పడేసుకుని దక్షిణంగా తోలారు. తీసుకొచ్చి అప్పగించినందుకు కుర్రాడికి ముట్టింది 20 డాలర్లు.

ప్రైస్ రెండేళ్ల కిందట కెంటకీలో బానిసత్వం నుంచి పారిపోయి, గడ్డకట్టిన ఒహాయో నది దాటి వచ్చినవాడు. 1850లో వచ్చిన చట్టం ప్రకారం పారిపోయిన బానిసను ఏ రాష్ట్రంలో ఉన్నా పట్టుకుపోవచ్చు. అడ్డుపడినవాడే నేరస్థుడు. తొమ్మిది మైళ్ల దూరంలోని వెల్లింగ్టన్‌లో రైలెక్కించేస్తే పని అయిపోయినట్టే. కానీ దారిలో ఎదురైన ఒక కాలేజీ విద్యార్థికి ప్రైస్ పెట్టిన కేక వినపడింది. అతను ఊళ్లోకి వెళ్లి చెప్పాడు. గంట తిరక్కుండా జనం బళ్ల మీదా గుర్రాల మీదా కాలినడకనా వెల్లింగ్టన్ దారి పట్టారు. సాయంత్రానికి అక్కడి హోటల్ చుట్టూ వందల మంది. చీకటి పడేలోగా కొందరు లోపలికి చొరబడి, పైగదిలో దాచిన ప్రైస్‌ను కిందికి తెచ్చి, బండెక్కించి ఓబర్లిన్‌కు తరలించారు. కాలేజీ ప్రొఫెసర్ జేమ్స్ ఫెయిర్‌చైల్డ్ ఇంట్లో కొన్నాళ్లు దాచి, ఆ తర్వాత కెనడాకు పంపించేశారు.

ఈ కేసులో ఫెడరల్ ప్రభుత్వం 37 మందిపై అభియోగం మోపింది. ఆ జాబితాలో ఎవరెవరున్నారో చూస్తే ఊరి స్వరూపం తెలుస్తుంది. ఒక ప్రొఫెసర్, ఒక పుస్తకాల కొట్టాయన, ఒక లాయరు, గుర్రాల జీన్లు కుట్టే ఆయన, వడ్రంగులు, విద్యార్థులు. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిసే ఉన్నారు. చాలామంది జామీను తీసుకోవడానికి ఒప్పుకోకుండా క్లీవ్‌లండ్ జైల్లోనే నెలల తరబడి కూర్చున్నారు, అక్కడి నుంచే ఒక చిన్న పత్రిక కూడా అచ్చు వేశారు. చివరికి విచారణ జరిగి శిక్ష పడింది ఇద్దరికే. తెల్లజాతీయుడు సైమన్ బుష్నెల్‌కు 60 రోజులు, నల్లజాతీయుడు చార్లెస్ లాంగ్‌స్టన్‌కు 20 రోజులు. లాంగ్‌స్టన్ కోర్టులో నిలబడి, నల్లవాడిగా ఈ దేశంలో తనకు న్యాయమైన విచారణ దొరకదని న్యాయమూర్తి ముఖం మీదే చెప్పాడు. శిక్ష తగ్గడానికి ఆ మాటలూ ఒక కారణం.

కాలేజీ ఒక పక్క, ఊరు ఒక పక్క ఉండే చోట ఇలాంటి సంఘటన జరగడం కష్టం. ఓబర్లిన్‌లో జరగడానికి కారణం ఆ రెండూ పుట్టిన తీరులోనే ఉంది.

1833లో జాన్ జే షిప్‌హర్డ్ అనే పాస్టరు, ఆయన మిత్రుడు ఫైలో స్టువార్ట్ కలిసి ఈరీ సరస్సుకు దక్షిణాన అడవి కొట్టి ఈ చోటును మొదలుపెట్టారు. నేల చదును, బంకమన్ను, వాన పడితే బళ్లు దిగబడే బురద. వాళ్లు ముందు కాలేజీ కట్టి దాని చుట్టూ ఊరు పెరగనివ్వలేదు, ఉన్న ఊళ్లో కాలేజీ పెట్టనూ లేదు. రెండింటికీ ఒకే పథకం వేశారు. వచ్చి స్థిరపడేవాళ్లు ఒక ఒడంబడిక మీద సంతకం పెట్టాలి: నిరాడంబరంగా బతకాలి, పొగాకు ముట్టకూడదు, అవసరానికి మించిన సంపాదన కాలేజీ పనికీ ధర్మకార్యాలకూ పోవాలి. విద్యార్థులు రోజుకు కొన్ని గంటలు పొలంలోనో వర్క్‌షాపులోనో పనిచేసి తిండి ఖర్చు రాబట్టుకోవాలి. 'చదువు, శ్రమ' అన్నది కాలేజీ ఆదర్శవాక్యం. ఊరి పేరు కూడా ఇలాంటి మనిషిదే. ఆల్సేస్ ప్రాంతపు కొండల్లో పేద పల్లెలకు రోడ్లూ వంతెనలూ పిల్లల బడులూ కట్టించిన జాన్ ఫ్రెడరిక్ ఓబర్లిన్ అనే పాస్టరు పేరు పెట్టుకున్నారు.

రెండేళ్లలోనే డబ్బు అయిపోవచ్చింది. అదే సమయంలో సిన్సినాటిలోని లేన్ సెమినరీ అనే మతవిద్యా సంస్థలో విద్యార్థులు బానిసత్వం మీద చర్చలు పెడితే యాజమాన్యం నిషేధించింది. విద్యార్థులు మూకుమ్మడిగా బయటికి వచ్చేశారు. షిప్‌హర్డ్ వెళ్లి వాళ్లను ఓబర్లిన్‌కు రమ్మన్నాడు. వాళ్ల వెనక న్యూయార్క్ వ్యాపారులు టాపన్ సోదరుల డబ్బుంది. కానీ వాళ్లు ఒక షరతు పెట్టారు: రంగు చూడకుండా అందరినీ చేర్చుకోవాలి. 1835లో ఓబర్లిన్ ట్రస్టీలు దీని మీద సరిగ్గా సగం సగంగా చీలిపోయారు. అధ్యక్ష స్థానంలో ఉన్న జాన్ కీప్ ఓటుతో తీర్మానం గట్టెక్కింది. తర్వాత తరాలవాళ్లు గర్వంగా చెప్పుకునే నిర్ణయం ఒక్క ఓటు మీద నిలిచింది. దానికి డబ్బు అవసరం కూడా తోడైంది. ఈ మాట దాచాల్సిన అవసరం లేదు. మంచి నిర్ణయాలకు చాలాసార్లు ఇలాంటి గట్టి ఒత్తిడే తోడవుతుంది.

నల్లజాతి విద్యార్థులు వచ్చారు, వాళ్ల కుటుంబాలూ వచ్చాయి, పని వెతుక్కుంటూ స్వేచ్ఛ పొందిన కుటుంబాలూ వచ్చాయి. 1860 నాటికి ఊరి జనాభాలో దాదాపు అయిదో వంతు నల్లవాళ్లే. అంటే కాలేజీ తీర్మానం తరగతి గదితో ఆగలేదు, వీధి స్వరూపాన్నే మార్చింది. జాన్ ప్రైస్ కోసం కదిలిన జనంలో సగం కథ ఇక్కడుంది. అతను వాళ్లకు వార్తల్లోని మనిషి కాదు, పక్క వీధివాడు. మరుసటి ఏడాది బానిసత్వాన్ని కూలదోయాలని జాన్ బ్రౌన్ అనే ఉద్యమకారుడు హార్పర్స్ ఫెర్రీలోని ప్రభుత్వ ఆయుధాగారం మీద దాడి చేశాడు. ఆయనతో పాటు ఆయుధాలు పట్టినవాళ్లలో లూయిస్ లియరీ, జాన్ కోప్‌లండ్ ఈ ఊరివాళ్లే. లియరీ అక్కడే చనిపోయాడు, కోప్‌లండ్‌ను ఉరితీశారు. కోప్‌లండ్ వడ్రంగి. ప్రైస్‌ను విడిపించిన కేసులోనూ నిందితుడు.

ఆడపిల్లల చదువు విషయంలోనూ ఓబర్లిన్ ముందు నడిచింది. 1837లో నలుగురు అమ్మాయిలు మగపిల్లలతో సమానమైన డిగ్రీ కోర్సులో చేరారు. 1841లో వాళ్లలో ముగ్గురు పట్టా పుచ్చుకున్నారు. 1862లో మేరీ జేన్ పాటర్సన్ ఇక్కడే బీఏ పూర్తిచేసింది. అమెరికాలో ఆ డిగ్రీ అందుకున్న తొలి నల్లజాతి మహిళ ఆమె. అయితే తలుపు తెరవడం వేరు, లోపల సమానంగా కూర్చోబెట్టడం వేరు. 1847లో లూసీ స్టోన్‌ను పట్టభద్రుల సభకు ప్రసంగం రాయమన్నారు. రాయవచ్చు గానీ చదవకూడదు, ఒక మగ ప్రొఫెసర్ చదివి వినిపిస్తాడు. ఆమె రాయనంది. ఆంటోనెట్ బ్రౌన్ దైవశాస్త్రం కోర్సు మొత్తం చదివినా డిగ్రీ ఇవ్వలేదు. పందొమ్మిదో శతాబ్దం చివరికి వచ్చేసరికి దేశమంతా వేరు చేసే గాలి వీచినప్పుడు ఓబర్లిన్ కూడా వంగింది. 1884లో ఇక్కడే చదివిన మేరీ చర్చ్ టెరెల్, తన ఆడపిల్లలను అదే కాలేజీకి పంపినప్పుడు హాస్టల్ గదుల దగ్గర రంగు చూస్తున్నారని కాలేజీ అధ్యక్షుడికి ఘాటుగా ఉత్తరం రాసింది. తొలి తరం ఇచ్చిన మాటను మలి తరం తనంతట తాను నిలబెట్టుకోదు. మళ్లీ ఎవరో ఒకరు గుర్తుచేస్తూనే ఉండాలి.

ఇక్కడ 'లిబరల్ ఆర్ట్స్ కాలేజీ' అన్న మాట గురించి కొంచెం ఆగాలి. తెలుగునాట ఆ మాట వినగానే ఇంటర్లో ఎంపీసీ, బైపీసీ రానివాళ్లు తీసుకునే ఆర్ట్స్ గ్రూపు గుర్తొస్తుంది. అమెరికాలో ఎంఎస్ చేసిన తెలుగువాళ్లలో కూడా చాలామందికి తెలిసినవి వేల మంది చదివే పెద్ద యూనివర్సిటీలే. లిబరల్ ఆర్ట్స్ కాలేజీ అంటే దాదాపు పూర్తిగా డిగ్రీ విద్యార్థుల కోసమే ఉండే చిన్న కాలేజీ. ఓబర్లిన్‌లో మొత్తం మూడు వేల మందికి కాస్త తక్కువ. పీహెచ్‌డీలు ఉండవు కాబట్టి ప్రొఫెసర్ తన పాఠాన్ని పరిశోధక విద్యార్థికి అప్పగించి వెళ్లిపోయే వీలుండదు, ఆయనే చెప్పాలి. భౌతికశాస్త్రం, తత్వశాస్త్రం, గణితం, సంగీతం ఒకే కప్పు కింద ఉంటాయి. ఏది ప్రధాన సబ్జెక్టో రెండో ఏడాది చివరిదాకా తేల్చుకోనక్కర్లేదు. పదహారేళ్లకే గ్రూపు తేల్చేసి, ఇక ఆ దారి తప్పనివ్వని పద్ధతికి అలవాటుపడిన మనకు ఇది కాలయాపనలా కనిపించవచ్చు. కాదని చెప్పడానికి వాదనలకన్నా ఒక కట్టెల కొట్టం కథ నయం.

1880 దశకంలో ఓబర్లిన్‌లో రసాయనశాస్త్రం చెప్పిన ఫ్రాంక్ జ్యూయెట్ జర్మనీలో చదివి, జపాన్‌లో పాఠాలు చెప్పి వచ్చినవాడు. అల్యూమినియాన్ని చౌకగా తీసే దారి కనిపెట్టినవాడు కోటీశ్వరుడవుతాడని క్లాసులో అన్నాడు. భూమి పొరల్లో పుష్కలంగా ఉన్నా, మట్టి నుంచి విడదీయడం ఎంత కష్టమంటే అప్పట్లో ఆ లోహం వెండితో పోటీపడే ధర పలికేది. 1884లో వాషింగ్టన్ స్మారక స్తంభం కొనకు అల్యూమినియం తొడిగినప్పుడు కూడా అది అరుదైన లోహమే. ఆ క్లాసులో చార్లెస్ మార్టిన్ హాల్ అనే కుర్రాడున్నాడు. ఊళ్లోనే పెరిగిన పాస్టరు గారబ్బాయి. జ్యూయెట్ అతనికి ప్రయోగశాలలో చోటూ సామాన్లూ ఇచ్చాడు. 1885లో డిగ్రీ అయ్యాక హాల్ తన ఇంటి వెనక కట్టెల కొట్టంలోనే పని సాగించాడు. బ్యాటరీలు తనే కట్టుకున్నాడు. క్రయోలైట్ అనే ఖనిజాన్ని కరిగించి, అందులో అల్యూమినా (అల్యూమినియం, ఆక్సిజన్ కలిసిన పొడి) కలిపి కరెంటు పంపాడు. మొదట మట్టి మూసలో చేస్తే లోహం రాలేదు. మూసలోని సిలికా కరిగి వ్యవహారం చెడగొడుతోందని గ్రహించి లోపల కార్బన్ పూత వేశాడు. 1886 ఫిబ్రవరి 23న మూసను చల్లార్చి పగలగొడితే అడుగున చిన్న చిన్న వెండిరంగు గుండ్లు కనిపించాయి. హాల్‌కు అప్పటికి ఇరవై రెండేళ్లు.

ఈ కథలో అక్క జూలియా హాల్ పేరు వెనక్కి నెట్టేస్తుంటారు. ఆమె కూడా ఓబర్లిన్‌లోనే రసాయనశాస్త్రం చదివింది. తమ్ముడి ప్రయోగాలను దగ్గరుండి చూసింది. అదే ఏడాది ఫ్రాన్స్‌లో పాల్ ఎరూ ఇదే పద్ధతి కనిపెట్టి ముందుగా పేటెంటు కోరినప్పుడు, అమెరికాలో హాల్ తేదీ ముందని నిరూపించడానికి జూలియా చెప్పిన సాక్ష్యం, ఇంట్లోని ఉత్తరాలు పనికొచ్చాయి. హాల్ మొదలుపెట్టిన కంపెనీయే తర్వాత అల్కోవా అనే పెద్ద అల్యూమినియం కంపెనీ అయింది.

మన ఊళ్లలో అల్యూమినియం గిన్నెను సత్తు గిన్నె అంటాం. సిల్వరు గిన్నె అనేవాళ్లున్నారు, సీవెండి అనేవాళ్లూ ఉన్నారు. పేరులో ఆ వెండి అలాగే ఉండిపోయింది. ఒకప్పుడు రాజుల బల్ల మీద ఉండే లోహం కూలివాళ్ల ఇంట్లో అన్నం వండే గిన్నెగా మారడానికి వెనక ఉన్న పద్ధతి అదే. ఈ రోజుకీ ప్రపంచమంతా హాల్, ఎరూల దారిలోనే అల్యూమినియం తీస్తున్నారు. ఒక చిన్న ఊరి కాలేజీలో, పాఠం చెప్పిన మాస్టారి ప్రయోగశాలా తన ఇల్లూ నడిచే దూరంలో ఉన్న ఒక విద్యార్థి చేసిన పని ఇది.

లిబరల్ ఆర్ట్స్ చదువులో ఊరికి ఉన్న విలువ ఇక్కడే తెలుస్తుంది. క్లీవ్‌లండ్ నుంచి నైరుతిగా 35 మైళ్లు వస్తే చుట్టూ మొక్కజొన్న, సోయా చేలు. మధ్యలో ఎనిమిది వేల పైచిలుకు జనాభా ఉన్న ఊరు. వినోదానికి వేరే దిక్కు లేని చోట కాలేజీయే ఊరికి కచేరీ హాలు, మ్యూజియం, సినిమా. 1865లో మొదలైన ఇక్కడి సంగీత కళాశాల దేశంలో ఎడతెగకుండా నడుస్తున్నవాటిలో పాతది. ఏడాదికి వందల కచేరీలు, వాటిలో ఎక్కువ ఉచితం. మంగళవారం రాత్రి ఓ రిటైరైన పోస్టుమాన్ వెళ్లి ఇరవై ఏళ్ల పిల్ల వాయించే చెల్లో (పెద్ద వయొలిన్ లాంటి వాద్యం) విని ఇంటికి నడిచి రాగలిగే ఊళ్లు ఎన్ని ఉంటాయి? 1917లో తెరిచిన అలెన్ మ్యూజియంలో 1940 నుంచి ఒక పద్ధతి ఉంది. సెమిస్టరు మొదట్లో విద్యార్థులు రాత్రంతా మ్యూజియం బయట దుప్పట్లు పరుచుకుని వరుసలో పడుకుంటారు. పొద్దున తలుపు తీయగానే లోపలికి వెళ్లి నచ్చిన బొమ్మ ఎంచుకుంటారు. 5 డాలర్లు కట్టి, పికాసో చేతి ప్రింటును చంకలో పెట్టుకుని వీధిలో నడుచుకుంటూ హాస్టల్‌కు తెచ్చి మంచం పైన తగిలించుకుంటారు. సెమిస్టరు చివర్లో తిరిగిచ్చేయాలి. కళను నమ్మకం మీద అరువిచ్చే ఈ ఏర్పాటు ఓబర్లిన్ మనసును పట్టిస్తుంది. కాలేజీ బయటి ప్రపంచంతో పెట్టుకున్న సంబంధాలూ ఉన్నాయి. 1908లో మొదలై, విద్యార్థులను చైనాకు పంపిన షాన్సీ సంస్థ తర్వాత మన మదురైలోని కాలేజీలతో కూడా అనుబంధం పెంచుకుంది.

ఇంత కలిసిపోయిన ఊరూ కాలేజీ మధ్య పగులు ఎలా వచ్చిందన్నది ఇప్పటి ప్రశ్న.

పైకి కనిపించే కారణం గిబ్సన్స్ బేకరీ కేసు. 1885 నుంచి నడుస్తున్న దుకాణం. కాలేజీ హాస్టళ్లకు డోనట్లు, రొట్టెలు అక్కడి నుంచే వెళ్లేవి. 2016 నవంబరు 9న, అంటే అధ్యక్ష ఎన్నికల మర్నాడు, ఒక నల్లజాతి విద్యార్థి దొంగ గుర్తింపు కార్డుతో వైన్ కొనబోయాడు. దొంగతనం చేస్తున్నాడని దుకాణంవాళ్లు పట్టుకోబోతే బయట పెనుగులాట జరిగింది. ముగ్గురు విద్యార్థులను అరెస్టు చేశారు. మర్నాడే దుకాణం ముందు వందల మంది నిరసన. అది జాత్యహంకార దుకాణమని కరపత్రాలు పంచారు, విద్యార్థి సంఘం తీర్మానం చేసింది. కాలేజీ బేకరీ నుంచి సరుకు తెప్పించుకోవడం కొంతకాలం ఆపేసింది. 2017 ఆగస్టులో ఆ ముగ్గురూ నేరం ఒప్పుకుని, దుకాణంవాళ్లు జాతి చూసి అలా చేయలేదని కోర్టులో చెప్పారు. బేకరీ కుటుంబం పరువునష్టం దావా వేసింది. 2019 జూన్‌లో జ్యూరీ 4 కోట్ల 40 లక్షల డాలర్లకు తీర్పిచ్చింది. చట్టం విధించిన పరిమితితో అది తగ్గినా, అప్పీళ్లన్నీ ఓడిపోయాక 2022లో కాలేజీ వడ్డీ, లాయర్ల ఖర్చులతో కలిపి 3 కోట్ల 65 లక్షల డాలర్లకు పైగా చెల్లించింది.

విద్యార్థుల మాటలకు కాలేజీ బాధ్యురాలా అన్నది న్యాయపరంగా పెద్ద చర్చ. కాలేజీ కాదంది, జ్యూరీ అవునంది. కానీ ఊరి కోణంలో చూస్తే ఇంకో విషయం ముఖ్యం. అన్యాయం జరిగిందనిపించగానే వీధిలోకి రావడం ఓబర్లిన్ విద్యార్థికి నేర్పిన సంప్రదాయమే, అందులో తప్పేమీ లేదు. 1858లో అలా వచ్చినవాళ్లకు పట్టుకుపోయినవాళ్లు ఎవరో, ప్రైస్ ఎవరో తెలుసు. ప్రొఫెసరూ జీన్లు కుట్టేవాడూ ఒకే కేసులో నిందితులయ్యారు. 2016లో వీధికి ఆ పక్క నిలబడింది నాలుగేళ్లు ఉండి వెళ్లిపోయే పిల్లలు, ఈ పక్క తరతరాలుగా అక్కడే ఉన్న కుటుంబం. ఈ రెండు పక్కలనూ ఎరిగి, ముందు నిజానిజాలు తెలుసుకుందామని చెప్పగల పెద్దరికం కాలేజీది. ఆ పని జరగలేదు. సరుకు ఆపేయడమంటే ఊరికి అర్థమయ్యే భాషలో తీర్పు చెప్పడమే.

డబ్బు ఇంకో కారణం, లోతైనది. ఇప్పుడు ఇక్కడ చదువు, బస, భోజనం అన్నీ కలిపి ఏడాదికి 80 వేల డాలర్లు దాటుతుంది. చాలామందికి ఆర్థిక సాయం దొరుకుతుంది గానీ, ఆ అంకె విన్న చుట్టుపక్కల కుటుంబాలు దరఖాస్తు దాకా కూడా రావు. లొరైన్ కౌంటీ ఒకప్పుడు ఉక్కు, ఓడలు, కార్ల ఫ్యాక్టరీల మీద బతికిన ప్రాంతం. ఆ పనులు పోయాక మిగిలిన కుటుంబాల నుంచే ఆ జ్యూరీ వచ్చింది. 2016 ఎన్నికల్లో కౌంటీ మొత్తం అతి స్వల్ప తేడాతో రెండుగా చీలింది. ఓబర్లిన్ ఊరు ఒకవైపుకే గంపగుత్తగా మొగ్గే చోటు. 2020లో కాలేజీ ఖర్చులు తగ్గించుకోవడానికి వంటశాల, పారిశుధ్య పనులను బయటి కంపెనీలకు అప్పగించింది. యూనియన్ కింద ఉన్న వందకు పైగా ఉద్యోగాలకు ఎసరొచ్చింది. ఆ పనివాళ్లంతా ఊరూ చుట్టుపక్కలవాళ్లే. కార్మికుల పక్షాన విద్యార్థులు నిలబడ్డారు, నిర్ణయం మారలేదు. బేకరీ కేసు గురించి రాసినవాళ్లు వందల్లో ఉన్నారు, వంటమనుషుల గురించి రాసినవాళ్లు చాలా తక్కువ. ఊరి మనసు ఎక్కడ విరిగిందో తెలియాలంటే రెండోదీ చదవాలి. 'చదువు, శ్రమ' అని ముద్రలో రాసుకున్న చోట వండిపెట్టే చేతులను ఖర్చు కింద లెక్కేయడం మామూలు విషయం కాదు.

తెగిపోని పోగులూ ఉన్నాయి. స్థానిక ప్రభుత్వ పాఠశాలల్లో చదివి ప్రవేశం సంపాదించిన పిల్లలకు కాలేజీ ట్యూషన్ ఫీజు తీసుకోదు. హాల్ 1914లో చనిపోతూ ఆస్తిలో పెద్ద వాటా కాలేజీకి రాశాడు. దాంతోపాటు ఒక కోరిక పెట్టాడు. ఊరి నడిబొడ్డున టాపన్ స్క్వేర్‌లో అప్పటికి కాలేజీ భవనాలు కొన్ని నిలబడి ఉన్నాయి. వాటిని తీసేయాలని, చదునుచేసి చెట్లూ పచ్చికతో ఖాళీగా ఉంచాలని రాశాడు. అలాగే చేశారు. ఇప్పుడది 13 ఎకరాల పచ్చిక. చుట్టూ కంచె లేదు. విద్యార్థులు రాత్రిపూట రంగులు పూసే పెద్ద బండరాళ్లు, ఐమూలగా సాగే కాలిబాటలు, ఒక్కోసారి తెల్ల ఉడుతలు. ఒక పక్క దుకాణాల వరస, ఇంకో పక్క సంగీత కళాశాల. బేకరీ గుమ్మంలో నిలబడి చూస్తే కాలేజీకీ ఆ మెట్లకీ మధ్య గోడంటూ లేదు. పొద్దున ఎనిమిది గంటలకు చెల్లో పెట్టె వీపున వేసుకుని పచ్చిక మీదుగా అడ్డంగా నడిచొచ్చేవాళ్లు కనిపిస్తారు.